నాన్నగారి బీటెక్

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ మొదలవగానే తెలుగునాట నడివయసు వాళ్లకు చదువు మొదలవుతుంది. ర్యాంకు పిల్లలది, కసరత్తు పెద్దలది. నిరుడు ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఏ ర్యాంకు దగ్గర ఆగిందో తల్లిని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. సీఎస్ఈలో డేటా సైన్స్ మేలా, ఏఐ మేలా అన్నది గచ్చిబౌలి నుంచి బాబాయి ఫోన్లోనే తేల్చేస్తాడు. ఓటీపీ తండ్రి ఫోనుకే వస్తుంది కాబట్టి వెబ్ ఆప్షన్లు ఆయనే పెట్టి, ఆయనే ఫ్రీజ్ చేస్తాడు. సీటు రాగానే ‘మాకు సీఎస్ఈ వచ్చిందండీ’ అని వీధంతా స్వీట్లు పంచుతాడు. ఇంత కష్టపడిన మనిషికి నాలుగేళ్ల తర్వాత పట్టా ఇవ్వకపోవడం విశ్వవిద్యాలయాలు చేస్తున్న అన్యాయం. స్నాతకోత్సవంలో రెండో గౌను కుట్టించడానికి ఎంతవుతుంది గనక?

ఈ చదువు ఎవరిదన్న విషయంలో చట్టానికి మాత్రం అనుమానం లేదు. 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండితే మేజరే. 61వ రాజ్యాంగ సవరణ 1989 నుంచి ఆ వయసుకే ఓటు ఇచ్చింది. అంటే బీటెక్ కుర్రాడు ఎమ్మెల్యేను ఎన్నుకోవచ్చు. ఓపెన్ ఎలెక్టివ్ ఎన్నుకోవాలంటే మాత్రం నాన్ననడగాలి. కాలేజీలూ ఈ పద్ధతికి బాగానే అలవాటుపడ్డాయి. జేఎన్టీయూ నిబంధనల్లో హాజరు 75 శాతం ఉండాలి. అనారోగ్యం లాంటి కారణం చూపిస్తే 65 దాకా మన్నిస్తారు. తగ్గితే డిటెయిన్ అయ్యేది విద్యార్థి. క్లాసు ఎగ్గొట్టాడన్న ఎస్సెమ్మెస్ మాత్రం తండ్రికి వెళుతుంది. తండ్రి ఆఫీసులో మీటింగు మధ్యలో బయటికొచ్చి ఫోన్ చేసి, అబద్ధం విని, నమ్మినట్టు నటించి లోపలికి పోతాడు. లెక్చరరుకు జవాబు చెప్పుకోవలసిన అవసరం కుర్రాడికి రాదు. తన హాజరు తన బాధ్యత అని తెలిసే అవకాశం అలా రోజుకొకటి చొప్పున జారిపోతుంది.

వాడి చదువు వాడికే వదిలేయమంటే ‘వాడికేం తెలుసండీ, చిన్నపిల్లాడు’ అన్నది మొదటి అభ్యంతరం. నిజమే, తెలియదు. తెలియకుండా చూసుకున్నది మనమే. ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీలో గంట కొడితే లేచాడు, గంట కొడితే తిన్నాడు, స్టడీ అవర్లో కూర్చోమంటే కూర్చున్నాడు. ఫోను లేదు, చేతిలో డబ్బు లేదు, తనంతట తాను తేల్చుకోవలసిన సంగతి ఒక్కటీ లేదు. ఆ క్రమశిక్షణ కోసం మనమే లక్షలు పోశాం. ఇప్పుడు వాడికి ఏటీఎం పిన్ మార్చుకోవడం చేతకాదని, హాస్టల్లో ఫ్యాను తిరగకపోతే వార్డెనుకు కాకుండా అమ్మకు ఫోన్ చేస్తాడని మనమే వాపోతున్నాం. ఈత రాదు కాబట్టి నీళ్లలోకి దిగనివ్వం అంటే, ఒడ్డున కూర్చుని ఈత నేర్చినవాడు ఎక్కడా లేడు. పనులు తెలియవన్నది వాటిని మన చేతిలో ఉంచుకోవడానికి సాకు కాకూడదు. వాడి చేతికి ఇవ్వడానికి అదే అసలు కారణం కావాలి.

రెండో అభ్యంతరం బరువైంది: ‘కట్టేది మేం, అడిగే హక్కు మాకు లేదా?’ ఉంది, తప్పకుండా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఫీజు రీయింబర్స్‌మెంటు సొమ్మును తల్లుల ఖాతాల్లో వేయడం మొదలుపెట్టినప్పుడు చెప్పిన కారణమే అది. తల్లులు స్వయంగా ఫీజు కడితే ల్యాబులెలా ఉన్నాయి, పాఠాలెలా చెబుతున్నారు అని కాలేజీని అడుగుతారని. మంచి ఆలోచన. కాకపోతే మనం ఆ హక్కును తిరగేసి వాడుతున్నాం. కాలేజీని నిలదీయడం పెద్దల పని, కాలేజీలో చదవడం పిల్లల పని. ల్యాబులో కంప్యూటర్లు పనిచేయవని యాజమాన్యాన్ని అడగాలంటే నోరు రాదు; ఇంటర్నల్స్‌లో రెండు మార్కులు కలపమని లెక్చరరును బతిమాలడానికి మాత్రం సెలవు పెట్టి మరీ వెళతాం. డబ్బు సంగతి వాడికి చెప్పామా అంటే అదీ లేదు. బ్యాంకు విద్యారుణం పత్రాల మీద తండ్రితో పాటు పిల్లాడి సంతకం కూడా ఉంటుంది. వడ్డీ ఎంత, వాయిదాలు ఎప్పటినుంచి, నెలకెంత అవుతుందన్నది ఆ సంతకం చేసినవాడికి తెలియదు. ‘నీకెందుకురా, నువ్వు చదువుకో’ అంటాం. తన పేరు మీదున్న అప్పు లెక్క కూడా చదువే కదా.

మూడో అభ్యంతరం దగ్గర హాస్యం పనికిరాదు. ర్యాగింగ్ ఉంది, మత్తుమందులున్నాయి, ఆత్మహత్యలున్నాయి. పట్టించుకోకుండా ఎలా వదిలేస్తాం అంటారు. వదిలేయమని ఎవరూ అనడం లేదు. 2009లో హిమాచల్‌లోని వైద్య కళాశాలలో అమన్ కాచ్రూ ర్యాగింగుకు బలయ్యాక యూజీసీ కఠిన నిబంధనలు తెచ్చింది. విద్యార్థి ఒకటి, తల్లిదండ్రులు ఒకటి అఫిడవిట్ ఇవ్వాలన్నది అందులో భాగమే. ఆచరణలో జరిగేది ఏమిటంటే నెట్ సెంటరులో కూర్చుని రెండూ తండ్రే నింపుతాడు. తాను దేనికి ఒప్పుకున్నాడో, 1800-180-5522 అన్న నంబరు దేనికుందో విద్యార్థికి తెలియదు. రక్షణ కోసం పెట్టిన కాగితాన్ని కూడా మనమే రాసేసి, వాడి రక్షణ వాడికి తెలియకుండా చేశాం. విశాఖలో నీట్ కోచింగు తీసుకుంటున్న విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో తల్లిదండ్రులకు అవగాహన కల్పించాలన్నది కూడా ఉంది. ఆ అవగాహన అంటే నిఘా పెంచడం కాదు. లెక్కల పేపరు ఎం-వన్ తప్పానని ఇంట్లో చెప్పడానికి వణికేవాడు, సీనియర్లు కొడుతున్నారని చెబుతాడా? లొకేషన్ షేరింగులో వాడు హాస్టల్లోనే ఉన్నట్టు కనిపిస్తుంది, ఏ స్థితిలో ఉన్నాడో కనిపించదు. అది తెలియాలంటే వాడు నోరు విప్పాలి. విప్పే ముందు, మొదటి బ్యాక్‌లాగ్ నాడు మనం ఎలా మాట్లాడామన్నది వాడికి గుర్తుంటుంది.

ఇవన్నీ కొట్టిపారేసేవారికి అమెరికా ఒకటుంది. 2023-24లో అక్కడ చదువుతున్న భారతీయులు 3,31,602 మంది. అందులో మన తెలుగు పిల్లల సంగతి డల్లాస్‌లో ఏ ఇరానీ చాయ్ దుకాణం దగ్గర నిలబడినా తెలుస్తుంది. ఆ దేశంలో 1974 నుంచి ఫెర్పా అనే చట్టం ఉంది. పద్దెనిమిది నిండినా, అంతకుముందే కాలేజీలో చేరినా విద్యా రికార్డుల మీద హక్కులు తల్లిదండ్రుల నుంచి విద్యార్థికి మారిపోతాయి. పిల్లలను పన్ను లెక్కల్లో తమ ఆధారితులుగా చూపించే అక్కడి తల్లిదండ్రులకు కొంత వెసులుబాటుంది. కూకట్‌పల్లి తండ్రికి అదీ లేదు. నాలుగేళ్లు ఎస్సెమ్మెస్‌లు అందుకున్న పెద్దమనిషి అర్ధరాత్రి మేల్కొని ఫోన్ చేస్తే, మీ అబ్బాయి అనుమతి లేనిదే మార్కులు చెప్పలేమంటారు. ఎంత అవమానం! అపార్ట్‌మెంటు లీజు, ఇన్సూరెన్సు, బ్యాంకు, వీసా నిబంధనలు అన్నీ వాడొక్కడి నెత్తిన ఒకేసారి పడతాయి. ఇక్కడ చిన్న తప్పుకు సప్లిమెంటరీ ఫీజు కట్టి బయటపడొచ్చు. అక్కడ తప్పుకు ఒక్కోసారి వీసాయే పోతుంది. కాబట్టి బీటెక్ నాలుగేళ్లను మించిన చవకైన సాధన ఇంకోటి లేదు. దాన్ని కూడా మనమే చేసేస్తే వాడు నేరుగా ఫైనలు పరీక్షకే వెళతాడు.

అందుకని పెద్దలకు ఒక సిలబస్ అవసరం. మొదటి సెమిస్టరులో నెల ఖర్చు ఒకేసారి వాడి ఖాతాలో వేయాలి. ఇరవయ్యో తేదీకే అయిపోతే మిగతా పది రోజులు మెస్సు సాంబారుతో గడపనివ్వాలి. రెండో సెమిస్టరులో పరీక్ష ఫీజు గడువు గుర్తుచేయడం మానాలి. ఫైను వాడి ఖర్చుల్లోంచే పోవాలి. ఆ తర్వాత ఎలెక్టివ్ వాడిది, తప్పితే రీవాల్యుయేషన్ దరఖాస్తూ వాడిదే. రోజూ ‘తిన్నావా’ అని అడగండి, ‘ఎంతొచ్చాయి’ అని వారానికోసారి చాలు. ఇది మరీ కష్టమనిపిస్తే సంక్రాంతి టికెట్‌తో మొదలుపెట్టండి. రైల్వే రిజర్వేషను 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. ఉదయం ఎనిమిదింటికి మీరు లాగిన్ కాకండి. వాడు మర్చిపోతే జనరల్ బోగీలో నిలబడి వస్తాడు. వచ్చే ఏడు ఏడున్నరకే లేచి కూర్చుంటాడు, మీ టికెట్ కూడా చేస్తాడు.