తలదన్నే వంతెన

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడట. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, డర్హమ్ నగరంలో ఆ రెండోవాడు ఓ రైలు వంతెన! ఒకప్పుడు దాని ఎత్తు 11 అడుగుల 8 అంగుళాలు. అంతకన్నా ఎత్తున్న ట్రక్కు వస్తే ‘పక్కకు తిరగండి’ అని వెలిగే బోర్డును 2016లో పెట్టారు. కొందరు డ్రైవర్లు దాన్ని స్వాగత తోరణం అనుకున్నట్టున్నారు. ట్రక్కుల పైకప్పులు చాపల్లా చుట్టుకుపోయాయి. పాపమని 2019లో వంతెననే 8 అంగుళాలు పైకి లేపారు. అయినా గుద్దుడు ఆగలేదు!

ఇనుప దూలం తల వంచదు. డ్రైవరు బాబులూ, వంతెన కొలత బోర్డు మీద ఉంది. బండి కొలత మాత్రం మీ బుర్రలోనే ఉండాలి.