నా వీపు మీది రాత

నేను కారు డోర్ ప్యాడ్‌ని. మీరు మోచెయ్యి ఆనించేది నా మీదే, నీళ్ల సీసా దోపేది నా జేబులోనే. కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో అచ్చులోకి కొడితే పుట్టాను. ముందువైపు నునుపంతా మీ కళ్ల కోసం. నా బతుకు మాత్రం వెనకవైపే ఉంది. అక్కడ అంచుల వెంట చిన్న దిమ్మెలుంటాయి. ఒక్కో దిమ్మెకు ఒక్కో క్లిప్పు. అవి తలుపు రేకు రంధ్రాల్లో బిగుసుకుంటేనే నాకు నిలకడ. నాకూ రేకుకూ మధ్య జిగురుతో అంటించిన పల్చటి షీటు ఒకటుంటుంది. వానకు అద్దం వెంట తలుపులోకి దిగిన నీళ్లు అడుగు రంధ్రాల్లోంచి బయటికి పోవాలి, కారు లోపలికి రాకూడదు. ఆ కాపలా షీటుదే. పవర్ విండో రిపేరుకో, కొత్త స్పీకర్లకో వరంగల్‌లోనైనా హన్మకొండలోనైనా నన్ను ఊడదీసే షాపు చెయ్యి పడేది దిమ్మెలు, క్లిప్పులు, షీటు అనే ఈ మూడింటి మీదే. కాబట్టి షాపులో నాకు తగిలిన దెబ్బను ముందువైపు గీతలు చూసి తేల్చకూడదు, వెనక చూసి తేల్చాలి. విప్పినవాడే దాన్ని సరిచేసి ఇవ్వాలి. నా వాదన ఇంతే.

దీనికి షాపుల్లో సాధారణంగా వచ్చే జవాబు: "బయటికి కనబడదు కదా సార్, అంటించి ఇస్తాం." కనబడకపోవడమే అసలు చిక్కు. నా వీపు మీద ఒక మూల, రెండు కోణపు గుర్తుల మధ్య, నేను ఏ ప్లాస్టిక్కో అచ్చు వేసి ఉంటుంది. చాలా ప్యాడ్‌ల మీద అది పీపీ, అంటే పాలీప్రొపిలీన్. మైనంలా జారే స్వభావం దీనిది, మామూలు క్విక్ జిగురు దీన్ని గట్టిగా పట్టదు. విరిగిన దిమ్మెను అలా అంటిస్తే షాపు గేటు దాటేదాకా ఆగుతుంది, గుంతల రోడ్డెక్కగానే గడగడలాడుతుంది. అదే జాతి ప్లాస్టిక్ కడ్డీని వేడితో కరిగించి అతకాలి, లేదా ప్యాడే మార్చాలి. ఏబీఎస్ అనే మరో రకం ప్లాస్టిక్ పేరు రాసి ఉంటే సంగతి వేరు, దాన్ని తగిన జిగురు బాగానే పట్టుకుంటుంది. ఆ రెండు మూడు అక్షరాలు చదవకుండా జిగురు మూత తీసేవాడిని పనివాడు అనడం నాకు కష్టం. షీటు సంగతి ఇంకా మోసం. ఓరుగల్లు ఎండ నలభై డిగ్రీలు దాటే మే నెలలో స్పీకర్ వైరు కోసం దాన్ని చింపి వదిలేస్తే ఎవరికీ తెలియదు. జులై వానలకు కాళ్ల కింద కార్పెట్ తడిసి ముక్కిన వాసన వచ్చేసరికి, ఆ తప్పు ఫలానా షాపుదని రుజువు చేయడం యజమాని మెడకు చుట్టుకుంటుంది.

"పాత బండి, ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కింది, విరిగితే మా తప్పా?" అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. ఏళ్ల తరబడి ఎండ తగిలితే నాలో పెళుసుదనం వస్తుంది. అయితే 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ షాపును అడిగేది అద్భుతాలు కాదు. మామూలు వివేకం గల మనిషి అలాంటి సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, తన చేతికి అప్పగించినదాన్నీ అంత జాగ్రత్తగా చూడమంటుంది. ముందే హెచ్చరించి, ప్లాస్టిక్ పట్టీతో మెల్లగా లేపినా క్లిప్పు విరిగితే, ఆ ఖర్చు యజమాని పెట్టుకోవడమే న్యాయం. హ్యాండిల్ గుంటలో చిన్న మూత కింద దాగిన స్క్రూ విప్పకుండానే గుంజి నన్ను చీలిస్తే మాత్రం అది నా వయసు తప్పు కాదు. యజమానులకూ ఒక మాట. పదేళ్ల బండికి కంపెనీ కొత్త ప్యాడే కావాలని పట్టుబట్టడం అన్నిసార్లూ సబబు కాదు. అదే మోడల్, అదే రంగు, దిమ్మెలు చెక్కుచెదరని సెకండ్ హ్యాండ్ ప్యాడ్ దొరికితే నష్టం పూడినట్టే.

ఇక షాపుల్లో కనిపించే "యజమానిదే బాధ్యత" అనే బోర్డు సంగతి. 1998లో ఢిల్లీలోని తాజ్‌మహల్ హోటల్‌లో పార్కింగ్‌కు అప్పగించిన ఒక మారుతి జెన్ చోరీకి గురైంది. టోకెన్ మీద అలాంటి షరతే ఉంది. 2019 నవంబరులో సుప్రీంకోర్టు ఆ షరతు చాటున హోటల్ తన నిర్లక్ష్యపు బాధ్యతను తప్పించుకోలేదని తేల్చింది. అది హోటల్ కేసు, షాపుకేం సంబంధం అనవచ్చు. తాళం చెవి పుచ్చుకుని బండిని తమ అధీనంలో ఉంచుకోవడం రెండుచోట్లా ఉన్నదే. ఇంత చిన్న ముక్కకు కోర్టా అని నవ్వేవాళ్లకు జవాబు, ముందు షాపువాళ్లతోనే మాట్లాడండి. కుదరకపోతే 1915 నంబరు మీద వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది, ఆ తర్వాతే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన సొమ్ము ఐదు లక్షలు మించకపోతే అక్కడ ఫీజు లేదు, గడువు రెండేళ్లు. అయితే ఫిర్యాదు నిలబడాలంటే కాగితం కావాలి. బండి అప్పగించే ముందు తలుపుల ఫొటోలు తీయండి, తీసుకునేటప్పుడు నాలుగు తలుపులూ వేసి చప్పుడు వినండి, విరిగినదేదైనా ఉంటే బిల్లు మీద రాయించుకున్నాకే డబ్బు ఇవ్వండి.