ఉస్తాద్ చేతి కర్ర

నేను కర్రసాము కర్రను. పుట్టింది సిర్పూర్ అడవిలో. మా వెదురు ఒక్క వానాకాలంలోనే నిలువెత్తు పెరుగుతుంది గాని, ముదిరి గట్టిపడాలంటే మూడేళ్లన్నా కావాలి. నాతోపాటు నరికిన తోబుట్టువులంతా లారీలెక్కి కాగజ్‌నగర్ పోయారు. 1938లో పెట్టిన సిర్పూర్ పేపర్ మిల్లులో కాగితాలయ్యారు. నాకు కణుపులు దగ్గర, లోపల బోలు తక్కువ. అది చూసి ఒక మేదరాయన నన్ను పక్కన పెట్టాడు. సెగ మీద వంకర తీసి కరీంనగర్‌లో కర్రసాము నేర్పే ఒక తాలీంకు అమ్మాడు.

అక్కడి ఉస్తాద్ నన్ను నేల మీద నిలబెట్టి చూశాడు. ఆయన చెవి దాకా వచ్చాను. ఆ రోజు నుంచి నాకు నువ్వుల నూనె కరువు లేదు. పీర్ల పండుగకు, దసరాకు ఊరేగింపు ముందు నేనే నడిచేదాన్ని. ఆయన తిప్పుతుంటే మనిషి కనపడేవాడు కాదు, గాలి చప్పుడే వినపడేది. చుట్టూ నిలబడి పిల్లలు నిమ్మకాయలు విసిరితే ఒక్కటీ ఆయన ఒంటికి తగలనిచ్చేదాన్ని కాదు. "చెయ్యి తిరిగితే సరిపోదు బిడ్డా, కాలు కదలాలె" అనేవాడు. హిందువుల పిల్లలు, ముస్లింల పిల్లలు ఒకే మట్టిలో ఆ అడుగులు నేర్చుకున్నారు. సాధనకు ముందు ఆయన తన ఉస్తాద్ పేరు, ఆ ఉస్తాద్‌కు నేర్పినాయన పేరు తలుచుకుని మట్టిని కళ్లకద్దుకునేవాడు. ఆ పేర్లు నోటి మీదే ఉండేవి.

ఉస్తాద్ పోయాక తాలీంకు తాళం పడింది. కుర్రాళ్ల గోడల మీదికి బ్రూస్ లీ వచ్చాడు. నేను ఆయన ఇంటికి చేరి బట్టలారేసే దండెమయ్యాను. తర్వాత చింతకాయలు రాల్చాను. కొసకు చీపురు కట్టి బూజు కర్రను చేశారు. ఎన్నో దెబ్బలు కాచుకున్న ఒళ్లు నాది. నూనె లేక బీటలిచ్చింది. చింతకొమ్మల మీద కొట్టి కొట్టి కొస చీలింది. నన్ను పట్టుకున్న చేతులకు నేనేమిటో తెలియదు. అదే నాకు అన్నిటికంటే నొప్పి.

ఒకనాడు ఉస్తాద్ మనవడు, కుంగ్‌ఫూ నేర్చుకుంటున్నవాడు, పరీక్ష కోసం తన విద్య గురుపరంపర పైకి చదివాడు. 15వ శతాబ్దంలో అడాటో అనే టిబెట్ లామా, కొంగా కోతీ కొట్లాడుకోవడం చూసి ఒక యుద్ధవిద్యను కూర్చి దానికి సింహనాదం అని పేరు పెట్టాడని వాళ్ల సంప్రదాయం చెబుతుందట. 19వ శతాబ్దంలో సింగ్ లుంగ్ అనే భిక్షువు దాన్ని దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌కు తెచ్చాడు. ఆయన శిష్యుడు వాంగ్ యాన్‌లామ్, కాంటన్ పది పులులుగా పేరుపడ్డ యోధుల్లో ఒకడు. ఆ చెట్టే లామా పై, హాప్ గార్, తెల్లకొంగ అని మూడు కొమ్మలైంది. అందులో కథెంతో, చరిత్రెంతో గాని, పేర్లు వరుసగా నిలిచాయి. మూల నిలబడి అంతా విన్నాను. ఆ పిల్లవాడికి టిబెట్ లామా పేరు వచ్చు, తన తాతకు కర్ర పట్టించినాయన పేరు రాదు. తప్పు వాడిది కాదు. అడవిలోని నా తోబుట్టువులు అన్ని కాగితాలయినా, ఒక్కదాని మీదా ఆ పేర్లెక్కలేదు.

ఇక్కడ మేమిలా ఉండగా, 2022లో హర్యానాలో జరిగిన ఖేలో ఇండియా యువజన క్రీడల్లో పంజాబ్ గట్కా, మణిపూర్ తాంగ్‌తా, కేరళ కళరిపయట్టు చేరాయి. 2024లో తమిళనాడు ఆతిథ్యమిచ్చినప్పుడు, నాకు అన్న వరుసయ్యే సిలంబం ప్రదర్శన క్రీడగా బరిలోకి దిగింది. వాళ్లకు పాఠం రాసుకున్న గురువులున్నారు, సంఘాలున్నాయి. మాకు ఇంకా జ్ఞాపకాలున్న ముసలివాళ్లున్నారు. కరీంనగర్ మంకమ్మతోటలో, రేకుర్తిలో, మంచిర్యాల, నిర్మల్ దారి పల్లెల్లో ఒకప్పుడు తాలీంకు పోయినవాళ్లను వెతకండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో, మొదటి అడుగు ఎటు వేయమన్నారో అడిగి, ఈ ఏడే రాసిపెట్టండి.