నోటు చేతిలో ఉండగా దావా ఓడిపోవడం ఎలా?

బావమరిదికి మూడు లక్షలు అప్పిచ్చారు. రెవెన్యూ స్టాంపు మీద అతని సంతకంతో ప్రాంసరీ నోటు మీ బీరువాలో భద్రంగా ఉంది. ఇంత గట్టి కేసును కూడా చేజేతులా పోగొట్టుకోవచ్చు. ఆరు చిట్కాలు చాలు.

1. తొందరపడకండి. నోటు రాసిన మూడేళ్లలోపు దావా వేయాలంటుంది 1963 నాటి కాలపరిమితి చట్టం. మీరు మాత్రం "సంక్రాంతికి సర్దేస్తా బావా" అన్న మాట పట్టుకుని మూడు సంక్రాంతులు గడపండి. మధ్యలో అతను యాభై వేలు ఇస్తే నోటు వెనక చెల్లు రాయించకండి. గడువులోగా అతను సంతకం చేసిన చెల్లు ఉంటే మూడేళ్ల లెక్క మళ్లీ మొదలవుతుంది. అయినా చుట్టాల మధ్య రాతకోతలేమిటి!

2. "గెలిపించే పూచీ నాది, వచ్చినదాంట్లో మూడోవంతు ఇవ్వండి" అనే వకీలునే పట్టుకోండి. అలాంటి ఒప్పందం బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధం. ఉంటే ఉండనీండి. "కాగితాలు చూసి చెబుతా" అనేవాడికి కేసేం తెలుసు?

3. సెలూన్లోనూ, బస్సులో పక్క సీటాయనకూ కేసంతా పూసగుచ్చండి. వకీలుకు మాత్రం ఫోన్‌పేలో వచ్చిన ఆ యాభై వేల సంగతి చెప్పకండి. మీరు చెప్పింది ఆయన బయటపెట్టకూడదని సాక్ష్య చట్టమే కట్టడి చేసింది, అయినా నమ్మకండి. క్రాస్‌లో ఎదుటి వకీలు బ్యాంకు స్టేట్‌మెంటు తీసినప్పుడు మీ వకీలు ముఖం చూసి తీరాలి.

4. ఫీజెంత, కోర్టు ఫీజెంత, గుమాస్తా ఖర్చెంత అని అడగకండి. రసీదు ఊసెత్తకండి. అసలు నోటును జిరాక్సు కూడా తీయకుండా అప్పగించండి. వకాల్తాతో పాటు నాలుగు తెల్లకాగితాల మీదా సంతకాలు పెట్టండి.

5. ఈ-కోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబరు కొడితే వాయిదా తేదీ కనిపిస్తుంది. కొట్టకండి. రాత్రి పదకొండింటికి వకీలునే లేపి అడగండి. సాక్ష్యం రోజున మాత్రం పెళ్లికి వెళ్లండి.

6. లోక్ అదాలత్‌లో రాజీ పడితే కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది. పరువు రాదుగా! మీ చెల్లెలికి ఇలాంటి చిక్కే వస్తే, ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుందనీ, దాని హెల్ప్‌లైన్ నంబరు 15100 అనీ చెప్పకండి.

చదివారుగా. ఇక లేచి బీరువా తెరిచి నోటు మీద తేదీ చూడండి. మూడేళ్లు నిండకపోతే పై చిట్కాల్లో ఒక్కటీ పాటించకండి.