తాతయ్య బెంజో అండ్ సన్స్

తాతయ్య పోయి పాతికేళ్లయినా ఆయన బెంజో జోలికి ఎవరూ పోలేదు. అటక మీద ఖాళీ ఆవకాయ జాడీల వెనక, చిరిగిన దోమతెరలో చుట్టుకుని పడుండేది. పోయిన సంక్రాంతికి డల్లాస్ నుంచి వచ్చిన మా అక్క కొడుకు, "మామయ్యా, అమెరికాలో పాత బెంజోలకి వేల డాలర్లిస్తారు. గిబ్సన్‌దో వేగాదో అయితే చెప్పక్కర్లేదు" అన్నాడు.

అంతే, సాయంత్రానికల్లా తణుకు నుంచి బాబాయి దిగిపోయాడు. కాకినాడ అత్తయ్య ఫోనులోనే కళ్లొత్తుకుంది. "నాన్న గుర్తుగా అదొక్కటీ నాకిచ్చేయండ్రా, పొలంలో వాటా అడగను" అంది. పొలం పంపకాలు నాలుగేళ్ల క్రితమే అయిపోయాయి.

మేనల్లుడు టార్చిలైటు పట్టుకుని పాఠం మొదలెట్టాడు. చర్మం బిగించిన గుండ్రటి చట్రంలో అడ్డంగా ఒక కర్ర ఉంటుందట. దాని మీద కంపెనీ ముద్రా, నంబరూ ఉంటాయట. నంబరుని బట్టి పుట్టిన ఏడాది చెప్పేయొచ్చట. సరేనని దోమతెర విప్పాం. చర్మమూ లేదు, గుండ్రమూ లేదు. పొడుగాటి చెక్కపెట్టె మీద వరసగా గుండ్రటి మీటలు. రిజిస్ట్రారాఫీసు ముందు దస్తావేజులు కొట్టే టైపు మిషనుకి తీగలు బిగించినట్టుంది.

రాజమండ్రి తీసుకెళ్లి, హార్మోనియాలు బాగుచేసే పెద్దాయనకి చూపించాం. "బెంజోయేనండీ, కాపోతే మనూరి బెంజో. బుల్‌బుల్ తరంగ్ అంటారండి. ఎడం చేత్తో మీటలు నొక్కుతా కుడి చేత్తో తీగలు మీటాలండి" అన్నాడాయన.

తరవాత పుస్తకాలు తిరగేస్తే దీని జాతకం దొరికింది. అమెరికా బెంజో ఆఫ్రికా బానిసలతో సముద్రం దాటింది. దానికీ దీనికీ చుట్టరికమే లేదు. 1912లో జపాన్‌లోని నగోయాలో గోరో మొరిటా అనే ఆయన టైపురైటరు మీటల్ని తంత్రీవాద్యానికి తగిలించాడు. తైషో చక్రవర్తి గద్దెనెక్కిన ఏడాది కాబట్టి తైషోగోతో అన్నారు. అదే మన దేశమొచ్చి బుల్‌బుల్ తరంగ్ అయింది, జనం నోట్లో పడి బెంజో అయింది.

"మరి చేసిందెవరండీ?" అని ఆ రోజే పెద్దాయన్ని అడిగాడు బాబాయి, ఆశ చావక.

పెద్దాయన పెట్టెలోకి టార్చి వేశాడు. 86 వరదలో మా లంక మునిగినప్పటి ఒండ్రు ఇంకా మూలల్లో గట్టిపడి ఉంది. పక్కన చీటీ ముక్క. కంపెనీ పేరున్న మేర చెదలు తినేశాయి. చివర "అండ్ సన్స్" మాత్రం మిగిలింది. తండ్రి జాడ లేదు, కొడుకులు మిగిలారు. బాబాయి ఎందుకో గొంతు సవరించుకున్నాడు.

"ఖరీదెంత ఉంటుందండీ?"

"తీగలు మార్చిన డబ్బులు కూడా రావండి. ఆయ్!"

ఇంటికొచ్చేసరికి బాబాయికి వైరాగ్యం పుట్టింది. "నాన్న వస్తువుకి వెల కడతామా? నీ దగ్గరే ఉంచు" అన్నాడు. అత్తయ్య అయితే ఇంకో అడుగు ముందుకేసింది. "అయినా దాన్ని అటకెక్కించింది దాచడానికేంట్రా! నాన్నకి వచ్చింది ఒక్క పాట. రోజూ వినలేక మా అమ్మే ఎక్కించింది."

నిజమే కాబోలు. అన్ని మీటల మీదా అక్షరాలున్నాయి, మూడింటి మీద మాత్రం అరిగిపోయి నున్నగా మెరుస్తున్నాయి. ఆ మూడూ ఒకదాని తరవాత ఒకటి నొక్కి చూశాను. మళ్లీ నొక్కాను. పాట ఏదో అందీ అందకుండా ఉంది. మూడోసారికి వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

"ఏవండీ, అటక మీద చోటుందిగా!"