అసలు కంటే కొసరు

అసలు ఎటు పోతే కొసరు అటే పోవాలని పాత రోమన్ న్యాయసూత్రం. కొసరుకు వాడే యాక్సెసరీ అనే మాట కూడా అక్కడి లాటిన్‌దే. దగ్గరికి చేరడమని దాని మూలార్థం. ఆ సూత్రం రాసినవాళ్లెవరూ కర్నూలు, కడపల వైపు వచ్చినట్టు లేదు.

మా అక్క కొడుకు కొత్త బండి కొన్నాడు. బిల్లులో యాక్సెసరీల కింద శారీ గార్డుకు వేరే ధర. వెనక చక్రాన్ని సగమైనా కప్పే రక్షణ కంపెనీవాడే ఇవ్వాలని 1989 మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతోందన్నాను. "అది రూలు సార్, ఇది ఫిట్టింగు" అన్నాడు సేల్స్ పిల్లోడు. ఆ తర్వాత రంగు లైట్లు, బస్సు హారను. నంబరు ప్లేటు మీద హీరో బొమ్మకు చోటు చాలక నంబరే సర్దుకుంది. ఎందుకురా ఇవన్నీ అంటే, "మామా, బండి ఊరందరికీ ఉంటాది. ఇవి ఎవురికుండాయి?" అన్నాడు.

రెండో బొంబాయి అనిపించుకున్న ప్రొద్దుటూరులో నగను యాక్సెసరీ అని చూడండి, నవ్వుతారు. అక్కడ హారం కొన్నాక దానికి తగ్గ చీర చూస్తారు, ఆ చీరకు తగ్గ పెళ్లి కూడా. ఉగ్గానికి బజ్జీ తోడంటారు గానీ, బజ్జీలు అయిపోయాయన్న హోటల్లో ఉగ్గాని తిన్నవాణ్ణి నేను చూడలేదు.

ఈ యాక్సెసరీ మాట హ్యాండ్‌బ్యాగుల దాకా రాకముందే కోర్టుల్లో తిరిగింది. నేరానికి తోడు నిలిచినవాణ్ణి ఇంగ్లండులో యాక్సెసరీ అన్నారు, 1861లో వాళ్లకోసం చట్టమే చేశారు. 2024 దాకా నడిచిన మన 1860 శిక్షాస్మృతి ప్రేరేపణ అని సరిపెట్టింది. నేరస్థుణ్ణి దాచడం తప్పే గానీ, మొగుణ్ణి పెళ్లాం దాచినా, పెళ్లాన్ని మొగుడు దాచినా తప్పు కాదని 212వ సెక్షన్‌లో మినహాయింపు ఇచ్చారు. ఇంట్లో ఎవరు కొసరో తేల్చే ధైర్యం ఆ దొరలకూ లేకపోయింది. సీమలో ఇంత సాగదీయరు: కత్తి పట్టినవాడు ఏ-వన్, జీపు తోలినవాడు ఏ-టూ, ఆ రాత్రి అన్నం పెట్టినవాడు ఏ-లెవెన్.

పదకొండంటే గుర్తొచ్చింది. తల నుంచి బయల్దేరే నరాల్లో పదకొండోదాని పేరూ యాక్సెసరీయే. 1664లో థామస్ విల్లిస్ వర్ణించిన ఆ నరం పని, భుజాలు ఎగరేయించడం. ఫ్యాక్షన్ కేసులో సాక్షి బోనెక్కి, "నాకేం తెల్దు సామీ" అని భుజాలు ఎగరేశాడంటే కేసు కొట్టేయించింది ఆ నరమే. ఫీజు మాత్రం వకీలుకు పోతుంది.