ఈఫిల్ సరే, లూవ్ర్ ఏదీ?

యానాంలో గౌతమి ఒడ్డున ఈఫిల్ టవర్ పోలికలతో వంద మీటర్ల గోపురం లేచింది. పారిస్ ముచ్చట సగం తీరినట్టే. మిగతా సగం రాజుగారి కోటలో బొమ్మలు పెట్టడం. ఫ్రాన్సులో 1793లోనే లూవ్ర్ కోట తలుపులు జనానికి తెరిచేశారు. ఇక్కడికొచ్చిన ఫ్రెంచి దొరలు వర్తకులాయె, మనకు చర్చీ కచేరీ మిగిల్చారు గానీ రాజభవనం మిగల్చలేదు.

1954 జూన్‌లో యానాం ఫ్రెంచి పాలన వదిలించుకుంది. సరిగ్గా అదే ఏడాది మార్చిలో ఢిల్లీలోని జయపూర్ మహారాజు భవనం జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాల అయింది. రాజుగారి గదుల్లోకి చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ బొమ్మలు దిగాయి. మనవాళ్లు ఢిల్లీ వెళ్తే అదీ చూసొస్తారు: బొమ్మ ముందు అర నిమిషం, గుమ్మటం కింద సెల్ఫీలకు అరగంట. ‘ఇదేం బొమ్మండీ, మా బుడ్డోడూ గీస్తాడు’ అన్న విమర్శ ఉచితం. (బుడ్డోడి చేతికి రంగులిచ్చిన పాపాన మాత్రం ఎవరూ పోరు.)

భవనం లేదన్న బెంగెందుకు? ఏదో ఒక పాత కచేరీ గదికి టికెట్ పెట్టండి. ఎర్రతాడు కట్టిన దస్త్రాల గుట్ట, దానిమీద సగం తాగిన టీ గ్లాసు, పైన తిరగని ఫ్యాను. ఇన్‌స్టలేషన్ ఆర్ట్ అంటే ఇదే కదా! ‘తాకరాదు’ అని బోర్డు కూడా అక్కర్లేదు. ఆ దస్త్రాలను ఎటూ ఎవరూ తాకరు.

చిక్కల్లా అనుమతి దగ్గరే. మన రాజధాని పుదుచ్చేరికి రాయాలి, ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దారి. కాగితం తిరిగొచ్చేసరికి ఆధునిక కళ కాస్తా పురావస్తుశాఖ ఖాతాలోకి పోతుంది.